మంచం పక్కకు ఒక కంప్యూటర్

నా భార్యకు ఐదో నెల నిండిన వారంలోనే డాక్టరమ్మ పూర్తి విశ్రాంతి తీసుకోవాలని చెప్పింది. స్కానింగ్ కాగితం మీద గర్భసంచి మూతి పొడవు రాసిన అంకె చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి, "బాత్రూమ్‌కు తప్ప మంచం దిగొద్దు. మెట్లు, బస్సులు, బరువులు అన్నీ బంద్" అంది. అంతకు ముందు ఏడాది మాకు ఒక గర్భం నాలుగో నెలలో పోయింది. అందుకే ఆ గదిలో ఇద్దరం ఒక్క ప్రశ్న కూడా అడగలేకపోయాం. తార్నాకకు తిరిగివస్తుంటే ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా ఆటోడ్రైవర్ భుజం మీద చెయ్యేసి "భయ్యా, జర ఆహిస్తా" అంటూనే ఉన్నాను. మూడోసారి అతను వెనక్కి తిరిగి ఆమెను చూశాడు. మిగిలిన దారంతా సైకిలు కన్నా మెల్లగా నడిపాడు.

అప్పుడు మేం తార్నాకలో ఒక పాత ఇంటి వెనక పోర్షన్‌లో అద్దెకుండేవాళ్లం. ఒక గది, వంటకు ఒక మూల, బట్టలుతికే జాగా. నేను దగ్గర్లోని యూనివర్సిటీ క్యాంపస్‌లో చరిత్ర మీద పరిశోధన చేస్తున్నాను. ఫెలోషిప్ అయిపోవడంతో అక్కడే ఒక కాలేజీలో వారానికి కొన్ని క్లాసులు చెప్పుకుంటున్నాను. ఇల్లు గడిచేది ఆమె జీతంతోనే. ఉప్పల్ వైపు ఒక ఆఫీసులో ఆమె ఉద్యోగం. ఎవరెవరో మాట్లాడిన రికార్డింగులను హెడ్‌ఫోన్లలో విని తెలుగులో టైపు చేయాలి. రైతుల మాటలు, డాక్టర్ల ప్రసంగాలు, ముసలివాళ్ల జ్ఞాపకాలు, ఏది వస్తే అది.

మాది ఇష్టపడి చేసుకున్న పెళ్లి. ఆమెది సూర్యాపేట వైపు క్రైస్తవ కుటుంబం, మాది జనగామ వైపు వ్యవసాయ కుటుంబం. మూడేళ్లయినా రెండిళ్లవాళ్లూ ఫోన్లో పొడిపొడిగా పలకరించడమే తప్ప గడప తొక్కలేదు. వచ్చి పక్కన ఉండమని అడిగే చనువు మాకు ఎవరి దగ్గరా లేదు.

ఆఫీసువాళ్లు ఒక మాట చెప్పారు. ఇంటి నుంచి చేయవచ్చు, కాని సిస్టమ్ సొంతది ఉండాలి. రికార్డింగ్ ఒక పక్క, టైపు చేసే పేజీ ఒక పక్క కనిపించేంత పెద్ద తెర కావాలి. పది రోజుల్లో మొదలుపెట్టకపోతే ఆ పని ఇంకొకరికి ఇస్తారు.

మా దగ్గర ఉన్నది ఎనిమిదేళ్ల ల్యాప్‌టాప్. ఒకసారి మంచం మీంచి కిందపడి దాని తెర పగిలింది, ఒక పక్క మడత బందు ఊడింది. బ్యాటరీ ఉబ్బి కీబోర్డును లోపలి నుంచి పైకి తోస్తోంది. కొత్తది కొనే స్తోమత లేదు. క్యాంపస్ హాస్టల్లో ఉండే ఎలక్ట్రానిక్స్ స్కాలర్ ఒకతను నాకు స్నేహితుడు. అతను దాన్ని వేరే మానిటర్‌కు తగిలించి చూశాడు.

"లోపలి బోర్డు మంచిగనే ఉన్నది. పాత మానిటర్ ఒకటి తీస్కో. ల్యాప్‌టాప్ విప్పి, గీ బోర్డును మానిటర్ వెనక బిగించు. షాపులల్ల అమ్మే ఆల్ ఇన్ వన్ లెక్కనే అయితది. ఒకటే పీసు, ఒకటే వైరు" అన్నాడు.

ఆ ఒకటే వైరు అన్న మాట నన్ను పట్టుకుంది. మా గదిలో మంచానికీ గోడకూ మధ్య ఒక మనిషి నడిచేంత జాగానే ఉంది. ఆమె బాత్రూమ్‌కు వెళ్లే దారి అదే. ఆ దారిలో నాలుగు వైర్లు చిక్కుపడి ఉన్నట్టు, వాటిలో ఒకటి ఆమె కాలికి తగిలినట్టు పట్టపగలే నాకు కనిపించేది.

"నీకొస్తదా?" అని అడిగింది నా భార్య.

"చేస్త" అన్నాను. అప్పటిదాకా నేను ఇంట్లో ఫ్యాన్ రెగ్యులేటర్ కూడా మార్చి ఎరగను.

సికింద్రాబాద్‌లో పాత కంప్యూటర్లు అమ్మే దుకాణంలో ఇరవై అంగుళాల మానిటర్ దొరికింది. ఏదో ఆఫీసు మూసేసినప్పుడు గంపగుత్తగా వచ్చిన సరుకులోది. వెనక నాలుగు స్క్రూ రంధ్రాలున్నాయని చూసి తీసుకున్నాను. దుప్పట్లో చుట్టి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని నేరుగా క్యాంపస్‌కు తీసుకెళ్లాను. స్నేహితుడు ల్యాబ్‌లో పరీక్షించాడు. కింద ఒక మూల సన్నని గీత తప్ప బొమ్మ బాగానే వచ్చింది.

సాయంత్రం దాన్ని మోసుకుని తార్నాక వైపు గేటు దగ్గరికి వచ్చేసరికి సెక్యూరిటీ గార్డు ఆపాడు.

"ఏంది సార్ దుప్పట్ల?"

"మానిటర్."

"ఏ డిపార్ట్‌మెంట్‌ది?"

"డిపార్ట్‌మెంట్‌ది కాదు, నాదే. ఇయ్యాల్నే కొన్న."

"బిల్లు?"

బిల్లు లేదు. అడగాలని కూడా నాకు తోచలేదు. గార్డు దుప్పటి తొలగించాడు. మానిటర్ పక్కన ఏదో ఆఫీసు సామాను నంబరుతో ఒక స్టిక్కర్ ఉంది. నేను అంతవరకూ దాన్ని గమనించనే లేదు.

"నంబర్ ఉన్నది గదా సార్. సామాన్ బయటికి పోయిందంటే మా నౌకరి పోతది."

గుర్తింపు కార్డు తీసి ఇచ్చాను. దాని గడువు పోయిన నెలతోనే ముగిసిందని అతను చదివి చెప్పాకే నాకు తెలిసింది. నన్ను కూర్చోబెట్టి విభాగానికి ఫోన్ చేస్తారని, మా గైడ్‌ను పిలిపిస్తారని, ఇంట్లో ఆమె నాకోసం చూసి చూసి లేచి వీధి గుమ్మం దాకా నడుస్తుందని, వరసగా అన్నీ మనసులో పరుగెత్తాయి.

"మా ఇంట్ల ఆమె ఒక్కతే ఉన్నది. ఐదు నెలలు. మంచం దిగొద్దన్నరు. ఆమె కోసమే ఇది" అన్నాను. నా గొంతు అబద్ధం చెప్పేవాడి గొంతులా నాకే వినిపించింది.

గార్డు దుప్పటి మళ్లీ కప్పాడు. "మిమ్మల్ని దొంగంటలేను సార్. ఇది గీడ పెట్టి ఇంటికి పోండ్రి. రేపు బిల్లు తెచ్చి తీస్కపోండ్రి."

రాత్రి గట్టి వాన కురిసింది. పొద్దున్నే సికింద్రాబాద్ పోయి, దుకాణం తెరిచేదాకా మెట్ల మీద కూర్చుని, రసీదు రాయించుకుని గేటు దగ్గరికి వచ్చాను. గార్డు గది రేకుల్లోంచి నీళ్లు కారి నేలంతా మడుగైంది. మానిటర్ మాత్రం కుర్చీ మీద ఉంది. దాని మీద అతని రెయిన్‌కోటు కప్పి ఉంది. అతని యూనిఫాం ఇంకా తడిగానే ఉంది.

"కోటు దీనికి కప్పి మీరు తడిసిండ్రా?" అన్నాను.

"నేను తడిస్తె ఆరుత. అది తడిస్తె ఖతం" అన్నాడు రసీదు చూస్తూ.

ఇంటి ముందు భాగంలో మా ఓనర్ ఒక్కడే ఉండేవాడు. డెబ్బై దాటిన మనిషి. రైల్వేలో సిగ్నళ్ల విభాగంలో పనిచేసి రిటైరయ్యాడు. ఉద్యోగంలో ఉన్నంతకాలం మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో ఉండి, చివర్లో ఈ ఇల్లు కట్టుకున్నాడు. భార్య పోయి నాలుగేళ్లు. ఆయన కుడిచెయ్యి ఎప్పుడూ వణుకుతుండేది. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకునేవాడు. నేను మానిటర్ మోసుకురావడం చూసి వరండాలోకి పిలిచాడు. సంగతంతా విన్నాడు.

"స్క్రూడ్రైవర్లు ఉన్నయా నీ దగ్గర?"

"లేవు అంకుల్. కొనాలె."

లోపలికి వెళ్లి ఒక రేకు పెట్టె తెచ్చాడు. అందులో ప్రతి పరికరం నూనె రాసి, గుడ్డలో చుట్టి ఉంది. "పని నాకు తెల్సు. చేతులు మాట ఇంటలెవ్వు. చేతులు నీవి పెట్టు తమ్మీ" అన్నాడు.

అలా మధ్యాహ్నం పూట ఆయన వరండాలో పని మొదలైంది. మొదట బ్యాటరీ తీయాలి. ఉబ్బిన బ్యాటరీకి చిల్లు పడితే మంటలొస్తాయని ఎక్కడో చదివాను. పెద్దాయన ఒక బకెట్‌లో ఇసుక తెప్పించి పక్కన పెట్టించాడు. "ఇనుముతోని గుచ్చకు. ప్లాస్టిక్ ముక్కతోని మెల్లగ లేపు" అంటూ పక్కన వంగి నిలబడ్డాడు. అది ఊడి చేతిలోకి వచ్చేసరికి నా చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఇసుకలో పెట్టి, ఆ బకెట్‌నే సైకిల్ మీద పెట్టుకుని, పాత బ్యాటరీలు తీసుకునే షాపులో అప్పగించి వచ్చాను.

తర్వాత ల్యాప్‌టాప్ విప్పడం. గోరంత స్క్రూలు ఇరవైకి పైగా ఉన్నాయి. ఆయన ఒక తెల్ల కాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీయించి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే టేపుతో అంటించమన్నాడు. వంటింటి అల్మారాకు వేయగా మిగిలిన అల్యూమినియం రేకును మానిటర్ వెనక కొలతకు కత్తిరించాం. దాని మీద చిన్న ఇత్తడి కాళ్లు బిగించి, వాటి మీద బోర్డు కూర్చోబెట్టాలి. ఫ్యాన్ గాలి బయటికి పోవడానికి సందు వదలాలి. మానిటర్ వైరు, బోర్డు అడాప్టర్ రెండూ వెనకే ఒక చిన్న ప్లగ్ బాక్స్‌లోకి పోవాలి. అందులోంచి గోడకు ఒక్క వైరే వస్తుంది.

మూడోరోజు పవర్ బటన్ దగ్గర చిక్కొచ్చింది. బటన్ ఉన్న చిన్న ముక్క కీబోర్డు చట్రంలోనే ఉండిపోయింది. దాన్ని బయటికి తెచ్చి ఒక స్విచ్చికి కలపాలి. ఆ ముక్క మీద రెండు కాళ్లున్నాయి, ఒక్కొక్కటి ఆవగింజంత. వాటికి రెండు వైర్లు టంకం పెట్టాలి. అది కాలిపోతే అంతా అయిపోయినట్టే. పది రోజుల్లో అప్పటికి ఆరు రోజులు గడిచాయి.

నేను టంకం కడ్డీ పట్టుకున్నాను. వేడి పొగ కళ్లలోకి వచ్చింది.

"ఊపిరి బిగబట్టకు. బిగబడితే చెయ్యి వణుకుతది. మెల్లగ ఇడుసుకుంట పెట్టు" అన్నాడు పెద్దాయన. నా మణికట్టు కింద తన ఎడమ అరచెయ్యి ఆనించాడు. ఆ చెయ్యి వణకదు. మొదటి కాలు అంటుకుంది. రెండోది రెండుసార్లు జారి మూడోసారి అంటుకుంది. స్విచ్చి కోసం ఇల్లంతా వెతికితే ఆయన దగ్గర ఒక కాలింగ్ బెల్ బటన్ దొరికింది. దాని మీద చిన్న గంట బొమ్మ కూడా ఉంది. దాన్నే మానిటర్ పక్కన అంటించాం.

బటన్ నొక్కగానే ఫ్యాన్ తిరిగింది. తెర నల్లగానే ఉంది. వైరు ఊడిందేమోనని వంగి చూశాను. తర్వాత తెల్లని అక్షరాలు వచ్చాయి. పెద్దాయన కుర్చీలోంచి లేచి వెనక మా గది దగ్గరికి వెళ్లి, "బిడ్డా, నీ మిషన్ లేసింది!" అని కిటికీలోంచి కేకేశాడు. ఎనిమిదో రోజుకు ఆమె మంచం దగ్గర కంప్యూటర్ ఉంది. పెద్దాయన భార్యకు చివరి రోజుల్లో అన్నం పెట్టడానికి చేయించిన చక్రాల బల్ల ఒకటుంది, మంచానికి అడ్డంగా జరపవచ్చు. దాని మీద పెట్టాం. ఆమె రెండు దిండ్లకు ఆనుకుని, విడిగా కొన్న కీబోర్డు ఒళ్లో పెట్టుకుని మొదటి రికార్డింగ్ విన్నది. ఆమె ముఖం అలా తేటపడి నేను చూసి నెల దాటింది.

రెండు రోజులు బాగానే గడిచాయి. మూడోరోజు మధ్యాహ్నం నేను అన్నం వడ్డిస్తున్నాను. ఆమె తెరను కాస్త తన వైపు తిప్పుకోబోయి, చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఏమో చీమలు పాకినట్టయింది" అంది.

ప్లేటు ఎక్కడ పెట్టానో నాకు తెలియదు. గోడలోంచి ప్లగ్ పీకాను. ఎంత బలంగా పీకానంటే స్విచ్‌బోర్డు మూత కూడా ఊడి వచ్చింది. ఆమె చెయ్యి పట్టుకుని చూశాను, ఏమీ లేదు.

"బిడ్డ కదులుతున్నదా?" అన్నాను.

ఆమె పొట్ట మీద చెయ్యి పెట్టుకుని ఆలోచించింది. "పొద్దుగాల కదిలింది. తర్వాత... నేను పనిల వడి చూస్కోలె."

ఆటో పిలిచాను. హాస్పిటల్‌లో పావుగంట కూర్చోబెట్టారు. ఆ పావుగంటలో నేను చేసిన ప్రతి పనీ మళ్లీ చేశాను మనసులో. ప్రతి స్క్రూ, ప్రతి వైరు. ఎక్కడ తప్పు చేశాను? ఆమె కళ్లు మూసుకుని పెదాలు కదుపుతోంది. ప్రార్థన చేసుకుంటోందని తెలుసు. తోడుగా నేనూ చేద్దామంటే నాకు ఏ ప్రార్థనా తెలియదు.

డాక్టరమ్మ పొట్ట మీద చిన్న పరికరం ఆనించింది. గరగరమని శబ్దం, తర్వాత గుర్రం పరుగెత్తినట్టు చప్పుడు. "బానే ఉంది. అంత చిన్న చురుక్కి ఏమీ కాదు. కానీ అదేంటో బాగుచేయించండి. మళ్లీ తగలకూడదు" అంది.

ఇంటికొచ్చాక నేను ఆ బల్లను మూలకు తోసేశాను. "ఇగ వద్దు. ఉద్యోగం పోతే పోనియ్" అన్నాను.

ఆమె గోడవైపే చూస్తూ అంది. "నీకు క్లాసులున్నయి, క్యాంపస్ ఉన్నది. నాకు గీ గోడ ఉన్నది. పొద్దంత పండుకోని కడుపు మీద చెయ్యేసుకోని, కదిలిందా లేదా అని లెక్కవెట్టుకుంట ఉండాలె. పని చేస్తుంటే రెండు గంటలన్న నేను నా భయం ఇడిసి వేరేవాళ్ల మాటలు ఇంటున్న. అది గూడ గుంజుకుంటవా?"

ఆమె ఆఫీసుకు తనే ఫోన్ చేసి, సిస్టమ్ చెడిపోయిందని, వారం గడువు కావాలని అడిగి తీసుకుంది.

మర్నాడు పెద్దాయనతో చెప్పాను. తప్పు నా టంకంలోనే ఉందని నాకు నమ్మకం. అంతా విప్పి, బోర్డు కింద రబ్బరు వాషర్లు వేసి మళ్లీ బిగించాం. ఆయన టెస్టర్ రేకుకు ఆనించాడు. దానిలోని ఎర్ర దీపం మసకగా వెలిగింది. మళ్లీ విప్పాం, మళ్లీ బిగించాం, మళ్లీ వెలిగింది. చివరికి బోర్డు మొత్తం తీసేసి, వట్టి మానిటర్‌నే ప్లగ్‌లో పెట్టాడు. మానిటర్ వెనక స్క్రూకు టెస్టర్ ఆనించాడు. అప్పుడూ వెలిగింది.

పెద్దాయన ముఖం మారిపోయింది. లోపలి నుంచి హోల్డర్‌లో పెట్టిన బల్బు, దానికి రెండు వైర్లు ఉన్నది తెచ్చాడు. గోడ ప్లగ్‌లోని రెండు రంధ్రాలకు పెడితే బల్బు వెలిగింది. ఒక వైరు తీసి పైనున్న మూడో పెద్ద రంధ్రంలో పెట్టాడు. వెలగలేదు. ఇంకోసారి చూశాడు. వెలగలేదు.

"నీ పనిల తప్పు లేదు తమ్మీ" అన్నాడు. "గీ ఇంటికి ఎర్త్ లేదు. మిషన్ల కొంచెం కరెంటు రేకు మీదికొస్తది, అది భూమిలకు పోవాలె. పోయే తొవ్వ లేదు."

నాకు ఒక్కసారిగా ప్రాణం లేచి వచ్చింది. ఆయన మాత్రం కుర్చీలో కూలబడ్డాడు.

"ముప్పై ఏండ్లు సిగ్నల్ పోస్టులకు ఎర్త్ చూసిన. ఒక్కదానికి సరిగ లేకున్నా రిపోర్టు రాసేటోణ్ని. ఇల్లు కట్టినప్పుడు మిస్త్రీ ముందట ఎర్త్‌కు గుంత తవ్వితే రాయి తగిలింది. తర్వాత చూద్దాం తియ్ అన్న. మా ఆమె వాషింగ్ మిషన్ ముట్టుకుంటే చురుక్కుమంటదని ఎన్నిసార్లు చెప్పిందో. నీ చేతులు తడిగున్నయి, తుడుసుకో అన్న." బల్బు హోల్డర్ ఒళ్లో పెట్టుకున్నాడు. "ఆమెనే కసురుకున్న."

ఆ రోజు సాయంత్రం ఆయన వరండాలోకి రాలేదు. తర్వాతి రోజూ తలుపు మూసే ఉంది. ఆయనకేమైనా అయిందేమోనని నాకు వేరే భయం పట్టుకుంది. తలుపు కొట్టి పలకరించాను. "మంచిగనే ఉన్న, పో" అని లోపలినుంచే అన్నాడు. మూడోరోజు పొద్దున చప్పుడుకు బయటికి వచ్చి చూస్తే, బట్టలుతికే బండ పక్కన ఒక గడ్డపార, పార పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"గీడ ఎప్పుడూ తడి ఉంటది. గీడ తవ్వుదాం" అన్నాడు.

తవ్వింది నేనే. జీవితంలో అంత లోతు గుంత ఎప్పుడూ తవ్వలేదు. మోకాలి లోతులో గులకరాళ్లు, నడుము లోతులో బండ తగిలింది. గడ్డపార దెబ్బకు నిప్పురవ్వలు లేచాయి. అడుగు పక్కకు జరిగి మళ్లీ మొదలుపెట్టాను. అక్కడ బండకూ బండకూ మధ్య ఎర్రమట్టి చీలిక దొరికింది. క్లాసులకు పోయే ముందు కొంత, వచ్చాక కొంత. మూడు రోజులకు నా తల నేలకు సమానమైంది. కిటికీలోంచి నా భార్య చూసి, "బోరు వేస్తున్నవా?" అని అడిగింది. ఆ వారంలో ఆమె నవ్వడం అదే మొదలు.

గుంతలో ఇనుప పైపు నిలబెట్టి, చుట్టూ బొగ్గు ఒక వరస, ఉప్పు ఒక వరస పోసి, నీళ్లు పోసి మట్టి పూడ్చాం. ఎలక్ట్రీషియన్ వచ్చి పైపు నుంచి రాగి తీగ లాగి, ఇంట్లో ప్రతి ప్లగ్‌కూ కలిపాడు. పెద్దాయన అతని వెనకే తిరుగుతూ ప్రతి స్క్రూ చూసుకున్నాడు. చివరికి బల్బు పెట్టి చూస్తే మూడో రంధ్రం దగ్గర కూడా భగ్గున వెలిగింది. మళ్లీ బిగించిన కంప్యూటర్‌ను ఆన్ చేశాం. టెస్టర్ ఆనిస్తే దీపం వెలగలేదు. అయినా నాకు ధైర్యం చాల్లేదు. పెద్దాయన ముందుకొచ్చి తన కుడి అరచెయ్యి రేకు మీద పూర్తిగా ఆనించాడు. రేకు టకటకమని కొట్టుకుంది. నేను గాభరాగా ఆయన చెయ్యి పట్టుకోబోయాను.

"గిది నా వణుకుడే తమ్మీ, కరెంటుది కాదు" అన్నాడు.

ఆ తర్వాత మూడు నెలల పైన ఆమె ఆ కంప్యూటర్ మీద పని చేసింది. ఒకసారి దిండ్ల దూది పేరుకుని ఫ్యాన్ ఆగిపోయింది, ఒకసారి బెల్ బటన్ ఇరుక్కుంది. నేను రోజూ ఇంట్లోంచి వెళ్లే ముందు ఆ రేకును ముట్టుకుని చూసేవాణ్ని. క్లాసుకీ క్లాసుకీ మధ్య ఫోన్ చేసేవాణ్ని. "నేను బాగానే ఉన్న. రికార్డింగ్ మధ్యల ఉన్న. పెట్టెయ్" అనేది.

నొప్పులు అనుకున్నదానికన్నా నెల ముందే వచ్చాయి. ఆ పూట నాకు పరీక్ష హాల్లో డ్యూటీ. ఫోన్లు బయట పెట్టించారు. డ్యూటీ అయి తీసుకుని చూస్తే పెద్దాయన నుంచి పదకొండు మిస్డ్ కాల్స్. నేను హాస్పిటల్ చేరేసరికి ఆయన బెంచీ మీద ఆమె హెడ్‌ఫోన్లు చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. ఆమె వాటిని మెడలో వేసుకునే ఆటో ఎక్కిందట. నర్సు తీసి ఆయన చేతికిచ్చిందట.

"ఆడపిల్ల. ఏడ్సింది. నేను ఇన్న" అన్నాడు.

బిడ్డ తక్కువ బరువుతో పుట్టింది. తొమ్మిది రోజులు వెచ్చని గాజు పెట్టెలో ఉంచారు. ఆ తొమ్మిది రోజులూ నేను అద్దం అవతల నిలబడి బిడ్డ ఛాతీ లేవడం, దిగడం చూస్తూ ఉన్నాను. పదో రోజు ఇంటికి తెచ్చుకున్నాం.

చాలా రోజుల తర్వాత ఆ చురుకు తగిలిన మధ్యాహ్నం సంగతి మా మధ్య వచ్చింది. "చెయ్యికి తగిలినప్పుడు నాకేం భయం గాలె. నువ్వు గోడలకెల్లి ప్లగ్ పీకిన తీరు చూసి భయమయ్యింది" అంది నా భార్య. నేను ఒప్పుకున్నాను. నా భయాన్ని మోయడం కూడా ఆ నెలల్లో ఆమె పనుల్లో ఒకటి అయిందని నాకు అప్పుడే అర్థమైంది.

బిడ్డకు మూడో నెల వచ్చినప్పుడు సూర్యాపేట నుంచి మా అత్తమ్మ వచ్చింది. ఒక సంచి నిండా పాత మెత్తటి చీరలు, ఒక డబ్బా వెల్లుల్లి కారం తెచ్చింది. గుమ్మంలో చెప్పులు విప్పి, నన్ను చూసి "మంచిగున్నవా అయ్యా?" అంది. పెళ్లయ్యాక ఆమె నాతో ఎదురుగా మాట్లాడిన మొదటి మాట అది. మనవరాలిని ఒళ్లోకి తీసుకుని, మంచం పక్కనున్న కంప్యూటర్ వైపు అనుమానంగా చూసింది. వెనక రేకు, బయటికి కనిపించే వైర్లు, పక్కన కాలింగ్ బెల్ బటన్.

"ఏందే ఇది?"

"నా ఆఫీసు" అంది నా భార్య.

అప్పుడే మళ్లీ పనిలో చేరింది ఆమె. ఆ రోజు నల్లగొండ వైపు ఒక ముసలి రైతు రికార్డింగ్ నడుస్తోంది. ఒక మాట దగ్గర ఆగి ఆగి, వెనక్కి తిప్పి తిప్పి వింటోంది. అర్థం కాక ఖాళీ వదిలింది. వాళ్లమ్మ బిడ్డను భుజాన వేసుకుని నిలబడి చూస్తోంది.

"ఏమంటున్నడే ఆయన?"

హెడ్‌ఫోన్లు తీసి తల్లి చెవులకు పెట్టి, మళ్లీ నడిపించింది. అత్తమ్మ కళ్లు చిట్లించి వింది. ఇంకోసారి పెట్టమంది. తర్వాత ఆమె ముఖం వెలిగింది.

"గుంటుక అంటున్నడు బిడ్డా. దుక్కి దున్నినంక గుంటుక తోల్తరు గదా. గది గూడ తెల్వదా నీకు?"

నా భార్య ఖాళీలో ఆ మాట టైపు చేసింది. "ఉండమ్మా, ఇంకో రెండు మాటలున్నయి" అని తల్లికి మంచం మీద జాగా ఇచ్చి జరిగింది.